సర్కారునకును సంతకును నడుమ విశ్వవిద్యాలయము

విజయవాడ మార్గమున హైదరాబాదు నగరమును ప్రవేశించువారికి మొదట ఎదురగు పెద్ద కూడలి లాల్ బహదూర్ నగరము. జనులు దానిని ఎల్.బి.నగరమని కుదించి పిలుచుచున్నారు. అచటినుండి కొత్తపేట, చైతన్యపురుల మీదుగా మూడు మైళ్లు మించని దూరమున దిల్‌సుఖ్‌నగరము కలదు. ఈ మార్గము చెంతనే, కొత్తపేటయందు, గడ్డిఅన్నారము పండ్లబజారను పేరుగల పెద్ద సంత చిరకాలము జరుగుచుండెడిది. నల్లగొండ బత్తాయిలును, వేసవిలో మామిడిపండ్లును లారీలకొలది వచ్చి దిగెడివి. 2021లో ఆ సంతను నగరము వెలుపల బాటసింగారమునకు తరలించిరి. 2022లో ఆ స్థలమున ప్రభుత్వ వైద్యశాలకు పునాది వేసిరి. పండ్లసంత పోయినది. కాని అదే మార్గమున మరియొక సంత నానాటికి పెరుగుచున్నది. అందు బేరమునకు వచ్చుచున్నవి పండ్లు కావు. మన పిల్లల చదువులు.

సాయంకాలము మెట్రో రైలు దిగి దిల్‌సుఖ్‌నగరపు సందులలో నడచినవారికి ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు. మేడకొక బోర్డు, అంతస్తున కొక శిక్షణాలయము. బ్యాంకు పరీక్షలకొక కోచింగు, పోలీసు కొలువులకొక కోచింగు, గ్రూపు పరీక్షలకొక కోచింగు, కంప్యూటరు భాషలకొక కోచింగు. వాని నడుమ నడుమ ఆడపిల్లల హాస్టళ్లు, మగపిల్లల హాస్టళ్లు. ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు. ఒక్కొక్క మంచము క్రింద ఒక్కొక్క పెట్టె. ఈ పిల్లలలో పెక్కుమంది చదువు మానినవారు కారు. విశ్వవిద్యాలయముల పట్టములను చేతబట్టుకొని వచ్చినవారే. మూడు నాలుగేండ్లు చదివి పట్టము పొందిన పిమ్మట, కొలువునకు వలయు చదువును మరియొక అంగడిలో మరల కొనవలసి వచ్చుచున్నదనిన, ఆ పట్టమునిచ్చిన విద్యాలయములలో జరుగుచున్నదేమి? ఇదియే నేడు మేము విచారింపదలచిన విషయము.

ఎల్.బి.నగరు కూడలిలో బస్సుకొరకు వేచియున్న ఒక కర్షకునితో ఇటీవల మాటాడితిమి. నల్లగొండ జిల్లావాడు, నాలుగెకరముల చేను గలవాడు. కుమార్తె ఇంజనీరింగు ముగించి ఏడాది కావచ్చినది. ఎచ్చటనో ఒక చిన్న ఉద్యోగము కుదిరినది. మూలపత్రములను చూపినగాని అచట చేర్చుకొనరట. కళాశాలవారా పత్రములీయరు. ఆమె పేర ప్రభుత్వము చెల్లింపవలసిన ఫీజు ఇంకను రాలేదు గనుక, ఆ సొమ్మును తండ్రియే కట్టి పత్రములు తీసికొనిపోవలెనని వారి మాట. ఆ కళాశాల పేరు మాకు అక్కరలేదు. ఇట్టి కథ ఒక కళాశాలది కాదు. ఆ రైతు మాతో అన్న మాట మాత్రము ఉన్నదున్నట్లు వ్రాయుచున్నాము: “సర్కారుకూ కాలేజీకీ లెక్కలుంటే వాళ్లే తేల్చుకోవాలె గద సారూ! నడుమ నా బిడ్డ కాయితాలు కుదువబెట్టుకునుడేంది?”

ఆ ప్రశ్నకు మాయొద్ద తగిన సమాధానము లేకపోయెను. ఈ దేశమున ఉన్నతవిద్యను గూర్చి ప్రసంగించువారు రెండు పక్షములుగా చీలియున్నారు. ప్రభుత్వము చేతులెత్తివేసినది, వర్తకులు చొరబడిరని ఒక పక్షమువారు చెప్పుదురు. ప్రభుత్వము అడ్డు తొలగిన వర్తకులే మంచి చదువు చెప్పుదురని రెండవ పక్షమువారు చెప్పుదురు. మాకు ఈ రెండును సత్యమునకు దూరముగనే తోచుచున్నవి. ప్రభుత్వము తొలగిపోనేలేదు. సంతను కట్టించినది ప్రభుత్వమే. అందు ప్రజాధనమును పోసినదియు ప్రభుత్వమే. తన సొంత విశ్వవిద్యాలయములకు గ్రాసము తగ్గించి, పగ్గములను మాత్రము విడువకుండ పట్టుకొన్నదియు ప్రభుత్వమే. అమ్మ పెట్టనూ పెట్టదు, అడుక్కొని తిననూ తిననీయదన్న సామెత మన విశ్వవిద్యాలయముల పట్ల అక్షరాల చెల్లుచున్నది.

లాల్ బహదూర్ నగరమునకు పేరిచ్చిన లాల్ బహదూర్ శాస్త్రిగారిని ఈ సందర్భమున స్మరింపవలసియున్నది. శాస్త్రి యనునది వారి ఇంటిపేరు కాదు; అది ఒక పట్టము. 1921లో, సహాయనిరాకరణోద్యమము సాగుచుండగా, గాంధీమహాత్ముడు కాశీనగరమున కాశీ విద్యాపీఠమును ప్రారంభించెను. శివప్రసాద గుప్తగారును, భగవాన్ దాసుగారును దానిని నిలిపిరి. పరప్రభుత్వము నడుపు బడులను విడిచివచ్చిన బాలుర కొరకు వెలసిన ఆ పీఠము ఆ ప్రభుత్వము సొమ్మును కోరలేదు, దాని అదుపును సహింపలేదు. 1925లో అచట ఉత్తీర్ణుడైన పేదయింటి యువకునకు లభించిన పట్టమే శాస్త్రి. మన ఆంధ్రదేశమునను అంతకు మునుపే, 1910లో, కోపల్లె హనుమంతరావుగారు మొదలగువారి పూనికచే బందరునందు ఆంధ్ర జాతీయ కళాశాల ఇట్టి సంకల్పముతోనే వెలసెను. అట్టి పట్టమును పేరున ధరించిన మహనీయుని నగరమునందే, నేడు పట్టము ఋణపత్రమువలె తాకట్టున పడియున్నది.

విద్యాలయములు ప్రభుత్వమువారి సొమ్ముతో నడచినను వాని మర్యాద నిలువవచ్చుననుటకు మనకు నిదర్శనములు లేకపోలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో స్థాపింపబడెను. దాని తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డిగారు 1930లో జాతీయోద్యమముపై ప్రభుత్వము జరపిన దమనకాండను నిరసించి పదవిని త్యజించిరి. ఆ పదవి వారిని వెదకికొనుచు 1936లో మరల వచ్చెను. ఇటు నిజాము రాజ్యమున ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉరుదూ మాధ్యమముతో ఆరంభమయ్యెను. ఒక దేశభాషలో ఉన్నతవిద్యను బోధింపవచ్చునని అది లోకమునకు చూపెను. కాని ప్రభువు చేతి పగ్గమెట్టిదో 1938లో బయటపడెను. వసతిగృహములందు వందేమాతరము పాడరాదని నిషేధించి, పాడిన విద్యార్థులను వెడలగొట్టిరి. నాగపుర విశ్వవిద్యాలయము వారికి ఆశ్రయమిచ్చెను. అట్లు వెడలినవారిలో తరువాతి కాలమున ప్రధానమంత్రియైన పి.వి. నరసింహారావుగారొకరు. ఈ చరిత్రమును గర్వముతో చెప్పుకొను ఉస్మానియాయందే 2025 మార్చిలో, శాఖాభవనములలోను పాలనాభవనములలోను ధర్నాలును నినాదములును కూడవని అధికారులు ఉత్తరువు వెలువరించిరి. రాజులు పోయిరి, ఉత్తరువుల భాష పోలేదు.

ఇక సంత ఎట్లు వెలసెనో చూతము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1983లో ఒక శాసనము చేసి, సీటునకు విరాళమను పేర సొమ్ము గుంజుటను నిషేధించెను. 1986 నుండి ఎంసెట్ అను ఉమ్మడి ప్రవేశపరీక్షను నడపెను. ఇవి మంచిపనులు. కాని పిమ్మట గాలి మారెను. 1992లో ప్రైవేటు వైద్యకళాశాలలకు అనుమతులిచ్చిన తీరును హైకోర్టు తీవ్రముగా ఆక్షేపింపగా, ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డిగారు పదవిని వీడవలసివచ్చెను. 1993లో ఉన్నికృష్ణన్ కేసున సుప్రీముకోర్టు ఒక మధ్యేమార్గమును చూపెను: సీట్లలో సగము ప్రతిభను బట్టి తక్కువ ఫీజునకును, సగము హెచ్చు ఫీజునకును ఈయవలెనని. ఆ వ్యాజ్యమునందు ప్రతివాది మన రాష్ట్రమే. 2002లో టి.ఎం.ఏ. పాయి సంస్థ కేసున పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ పద్ధతిని త్రోసిపుచ్చి, విద్యాసంస్థను నెలకొల్పి నడపుట ప్రైవేటువారి హక్కులలో నొకటియని తేల్చెను. లాభాపేక్ష కూడదని తీర్పులో ఉన్నమాట నిజమే. ఆ మాట తీర్పులోనే ఉండిపోయినది.

2008 ప్రాంతమున వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వము ఫీజుల రీయింబర్సుమెంటను పథకమును వెనుకబడిన తరగతులవారికిని, ఇతర పేదలకును విస్తరింపజేసెను. ఇందలి ఉద్దేశము ఉత్తమమని మేము నిస్సంశయముగా చెప్పుదుము. కూలి చేసికొను తండ్రి బిడ్డ ఇంజనీరగుట మన కన్నుల యెదుట జరిగినది. పల్లెలనుండి ఆడపిల్లలు వేలకొలది కళాశాల మెట్లెక్కిరి. కాని ఆ సొమ్మును ఏ చేతిలో పోసిరో ఆలోచింపుడు. ఉన్న ప్రభుత్వ కళాశాలలను పెంచి, క్రొత్తవానిని కట్టి, ఆచార్యులను నియమించుటకు కాక, ప్రభుత్వమువారు ఆ ధనమును తలకింతయని ప్రైవేటు యాజమాన్యములకు పంచిరి. విద్యార్థిని చేర్చుకొన్న చాలును, సర్కారు ఫీజు ఇచ్చును. ఇంతకంటె నిశ్చయమైన వ్యాపారమేది? ఆనాటికి భూములున్నవారు, కాంట్రాక్టులు చేసినవారు, రాజకీయములలో నున్నవారు కళాశాలలను కట్టిరి. అచిరకాలముననే ఉమ్మడి రాష్ట్రమున ఇంజనీరింగు కళాశాలల సంఖ్య 700 దాటెను. ఎల్.బి.నగరు దాటి హయత్‌నగరు, ఇబ్రహీంపట్నముల దిక్కున పోవువారికి చేలనడుమ లేచిన ఆ భవనములు కానవచ్చును. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన 2014లోనే జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము, ఉపాధ్యాయులును ప్రయోగశాలలును చాలవని, నూటయేబదికి మించిన కళాశాలలకు అనుబంధమును నిరాకరింపవలసివచ్చెను. కట్టనిచ్చినవారే కట్టడములోని డొల్లతనమును కనుగొనిరి.

ఇట్లు పెరిగిన వ్యవస్థలో భారము ఎవరిపై పడినదో గమనింపుడు. తెలంగాణమున వెనుకబడిన తరగతుల విద్యార్థికి ప్రవేశపరీక్షలో పదివేల లోపు ర్యాంకు రాకున్న, సాధారణముగా ప్రభుత్వమిచ్చునది ఏడాదికి 35,000 రూపాయలు. పేరు గల కళాశాలల ఫీజులు లక్ష దాటి చాలకాలమైనది. మిగిలినది తండ్రి పొలము. ఆ 35,000 రూపాయలైనను సకాలమున చేరునా యనిన, అదియును లేదు. బకాయిలు ఏటికేడు పేరుకొని వేలకోట్లకు పెరిగినవి. 2025 నవంబరులో వృత్తివిద్యాకళాశాలల యాజమాన్యములవారు ఆ బకాయిలకై కళాశాలలను మూసివేసిరి; కొంత సొమ్ము చెల్లింతుమని ప్రభుత్వమువారు మాట యీయగా కొలదిదినములకు తెరచిరి. యాజమాన్యములకు సమ్మె చేయు బలము కలదు. ప్రభుత్వమునకు వాయిదా వేయు బలము కలదు. విద్యార్థికి ఏ బలమును లేదు. కావున వాని పత్రములే తాకట్టువస్తువులైనవి. ఎల్.బి.నగరు రైతు అడిగినది ఇదియే.

ప్రైవేటు కళాశాలలకు ఇట్లు సొమ్ము పారుచుండగా ప్రభుత్వ విశ్వవిద్యాలయముల స్థితి ఎట్లున్నది? ఉస్మానియాలో మంజూరైన ఆచార్యపదవులలో సగమునకు మించి ఖాళీగా నున్నవి. 2013 తరువాత అచట పెద్ద నియామకములు జరుగలేదు. 2017లో రాష్ట్రమందలి 11 విశ్వవిద్యాలయములలో వేయికి పైగా పదవులను పూరింప ప్రభుత్వము అనుమతించెను, నియామకము సాగలేదు. 2022 సెప్టెంబరులో నియామకములకై ఉమ్మడి మండలి నేర్పరచు బిల్లును శాసనసభ ఆమోదించెను. గవర్నరు సమ్మతి లేక అది నిలిచిపోయెను. ఈలోపల వృద్ధులైన ఆచార్యులు ఒక్కొక్కరే విరమించుచున్నారు. వారి తరగతులను కాంట్రాక్టు ఉపాధ్యాయులును, పార్టుటైము ఉపాధ్యాయులును చెప్పుచున్నారు. రేపు తన కొలువుండునో లేదో ఎరుగని మనుజుడు పది సంవత్సరములు పట్టు పరిశోధనకు ఎట్లు పూనుకొనును? నల్లగొండయందు 2007లో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమును నెలకొల్పిరి; మహబూబునగరమునను, కరీంనగరమునను 2008లో ఒక్కొక్కటి పెట్టిరి. బోర్డు వ్రాయుట సులభము. బోర్డు వెనుక ఆచార్యుని నిలుపుట వ్యయముతో కూడిన పని. కోఠీలోని పాత రెసిడెన్సీ భవనమునందలి మహిళాకళాశాల 2022లో విశ్వవిద్యాలయమని ప్రకటింపబడి, 2024లో చాకలి ఐలమ్మ పేరు దాల్చెను. ఆ వీరవనిత పేరు పెట్టినందులకు సంతోషించితిమి. దిల్‌సుఖ్‌నగరపు హాస్టళ్లనుండి అచటికి పోవు ఆడపిల్లలకు పేరుతోపాటు పూర్తికాలపు ఆచార్యులును లభించిననాడు ఆ సంతోషము పరిపూర్ణమగును.

గ్రాసము ఇట్లు తగ్గినను పగ్గము మాత్రము బిగిసియే యున్నది. 2019 నుండి 2021 వరకు రాష్ట్ర విశ్వవిద్యాలయములలో పెక్కింటికి ఉపకులపతులు లేరు, ఐ.ఏ.ఎస్. అధికారులు తమ శాఖాకార్యములతో పాటు ఆ పదవులను సైతము చూచిరి. 2021 మేలో నియమితులైనవారి కాలము 2024 మేతో ముగిసెను. ముగియునని మూడేండ్ల ముందే తెలిసిన ఆ దినము వచ్చునప్పటికి క్రొత్తవారు సిద్ధముగా లేరు; అక్టోబరు వరకు మరల అధికారులే ఆ పీఠములందు కూర్చుండిరి. పార్టీ మారినది, పద్ధతి మారలేదు. ఇక ఢిల్లీ నుండి మరియొక హస్తము చాచుచున్నది. 2025 జనవరిలో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము వెలువరించిన ముసాయిదా నియమములలో, పరిశ్రమలు నడపినవారును, ప్రజాపాలనయందు పనిచేసినవారును ఉపకులపతులు కావచ్చుననియు, వారిని వెదకు సంఘమును కులపతియే, అనగా రాష్ట్రములలో గవర్నరే, ఏర్పరచవలెననియు ఉన్నది. మన రాష్ట్రప్రభుత్వము దీనిని ప్రతిఘటించినది, మంచిపని. కాని ఢిల్లీ పగ్గమును కాదని హైదరాబాదు పగ్గమును మెచ్చుట స్వాతంత్ర్యము కాదు. ఆ ఢిల్లీయే 2017లో ఉన్నతవిద్యకొరకు ఒక ఋణసంస్థను నెలకొల్పెను. భవనములకు పూర్వము గ్రాంటు వచ్చెడి చోట ఇప్పుడు అప్పు వచ్చును. అప్పు తీర్చవలెననిన ఫీజు పెంచవలెను. ఫీజు పెంచుట ఇష్టము లేనివారు స్వయంపోషిత కోర్సులను తెరచుచున్నారు. అనగా ప్రభుత్వ విశ్వవిద్యాలయము లోపలనే ఒక చిన్న ప్రైవేటు కళాశాల.

2018లో తెలంగాణ శాసనసభ ప్రైవేటు విశ్వవిద్యాలయముల చట్టమును చేసినది. 2020లో మొదటి అయిదింటికి అనుమతి లభించెను. వానిలో నూటికి 25 సీట్లు రాష్ట్ర విద్యార్థులకుండవలెనను నియమము కలదు. కాని ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో దళితులకును, గిరిజనులకును, వెనుకబడిన తరగతులకును గల రిజర్వేషను అందు లేదు. ఇట్లు రెండు విధములగు విశ్వవిద్యాలయములు ఏర్పడినవి: ఒకటి ధనము గలదై నియమము లేనిది, మరియొకటి నియమము గలదై ధనము లేనిది. ఈ రెంటికిని పోటీ పెట్టి, ఓడినది అసమర్థమని నిర్ణయించుట న్యాయమగునా? ఇంతలో భూములపై దృష్టి పడినది. 2024లో రాజేంద్రనగరమున వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయముల భూమిలో 100 ఎకరములు నూతన హైకోర్టునకు కేటాయింపబడెను. 2025లో నగరపు పడమటి అంచున, కేంద్రీయ విశ్వవిద్యాలయము చెంత కంచ గచ్చిబౌలి యందు, 400 ఎకరములను పరిశ్రమలకై ఇచ్చుటకు యంత్రములు చెట్లను కూల్చుచుండగా, ఏప్రిలు 3వ తేదీన సుప్రీముకోర్టు ఆపెను. ఆ భూమి తనదని ప్రభుత్వము వాదించుచున్నది. హక్కుపత్రము ఎవరి పేర నున్నను, విద్యాలయము చుట్టునున్న చెట్టును చూచినప్పుడు దాని వెలయే ముందు తోచు బుద్ధిని గూర్చియే మా విచారము.

సంతలో వస్తువు మారునట్లు చదువు స్వరూపమును మారినది. తెలంగాణమందలి ఇంజనీరింగు సీట్లలో సగమునకు మించి కంప్యూటరు శాస్త్రమునకును దాని ఉపశాఖలకును చెందినవి. అఖిలభారత సాంకేతిక విద్యామండలి 2024–25 నుండి సీట్ల పెంపునకుగల పైపరిమితిని తొలగించెను. వంతెనలు కట్టు విద్య, యంత్రములు నడపు విద్య ఒక్కొక్క కళాశాలలో మూతపడుచున్నది. జలాశయములును కాలువలును గల ఈ దేశమునకు ఆ విద్యలతో పనిలేదా? పని కలదు, గిరాకి లేదు. తెలుగు, చరిత్ర, తర్కముల గతి చెప్పనేల? డిగ్రీ కళాశాలలలో ఏటేట వేలకొలది సీట్లు మిగిలిపోవుచున్నవి. డిగ్రీ చదివినవాడు ప్రభుత్వోద్యోగమునకై దిల్‌సుఖ్‌నగరు చేరును. అచటను వానికి నిశ్చింత లేదు. 2022 అక్టోబరులో జరిగిన గ్రూపు–1 ప్రాథమికపరీక్ష ప్రశ్నపత్రములు వెల్లడియగుటచే 2023 మార్చిలో రద్దయ్యెను. 2023 జూనులో మరల జరిపిన పరీక్షను హైకోర్టు సెప్టెంబరులో రద్దు చేసెను. హాస్టలు బాడుగ మాత్రము ఏ నెలను రద్దు కాలేదు. హృదయమునకు సుఖమని అర్థము వచ్చు పేరుగల పేటలో ఆ యేడు ఎన్ని హృదయములు కుమిలినవో తలిదండ్రులకే తెలియును.

ఇది లోకరీతియని కొందరు సమాధానపరచుకొనుచున్నారు. ఇంగ్లండునందు 1998లో ఏడాదికి 1,000 పౌండ్లుగా మొదలైన రుసుము 2012 నాటికి 9,000 పౌండ్ల వరకు పెరిగెను, నిజమే. కాని జర్మనీలో కొన్ని రాష్ట్రములు ఫీజు విధించిచూచి, ప్రజలొల్లకుండుటచే 2014 నాటికి అన్నియు మానుకొన్నవి. కావున ఇది వర్షమువలె దైవాధీనము కాదు. ప్రజలును ప్రభుత్వములును ఎన్నుకొను మార్గము. ప్రైవేటు కళాశాలలు లేకున్న ఇందరు ఇంజనీరులెట్లు వచ్చెదరని మరికొందరు ప్రశ్నింతురు. వాని ఉపకారమును మేము కాదనలేదు. ఉత్తమముగా నడచుచున్నవి కొన్ని కలవని ఎరుగుదుము. మా ఆక్షేపణ అవి ఉండుటకు కాదు. వాని ప్రక్కన వానిని నిలదీసి నిగ్రహింపదగిన బలమైన ప్రభుత్వ విశ్వవిద్యాలయము లేకుండుటయే మా ఆక్షేపణ. మంచి ధర్మాసుపత్రి యున్న ఊరిలో ప్రైవేటు వైద్యుడు మితముగా పుచ్చుకొనును. విద్యయందును అంతే.

కర్తవ్యమేమి? మొదటిది, విద్యార్థి పత్రములను బాకీకై నిలుపుట ఏ కారణమునను కూడదని ప్రభుత్వము కఠినముగా శాసింపవలెను. అట్లు శాసించు అర్హత కలుగుటకై తన బాకీని తేదీ నిర్ణయించి తీర్పవలెను. ఉద్యోగుల జీతమువలె, గుత్తదారుల బిల్లువలె, బీదవిద్యార్థి ఫీజునకును పద్దులో ముందుగా కదలని స్థానమీయవలెను. రెండవది, ఖాళీపదవులను ఏటేట నిర్ణీతకాలమున పూరింపవలెను. గవర్నరునకును మంత్రులకును తగవు వచ్చినపుడు తరగతిగది ఖాళీగా నుండరాదు. మూడవది, ఉపకులపతి కాలము ముగియుటకు ఆరునెలల ముందే క్రొత్తవారి ఎంపిక ముగియవలెను. ఆ ఎంపికసంఘమున విద్వాంసులకు ఆధిక్యముండవలెను. నాల్గవది, విశ్వవిద్యాలయముల భూమి శాసనసభ అనుమతి లేనిదే అంగుళమైనను మారరాదు. అయిదవది, ప్రైవేటు విశ్వవిద్యాలయములు తమ జమాఖర్చులను, ఉపాధ్యాయుల అర్హతలను ప్రజలయెదుట పెట్టవలెను; రిజర్వేషనును పాటింపవలెను.

సొమ్మెచటిదని అడుగుదురు. జాతీయాదాయమున నూటికి ఆరు విద్యకు వెచ్చింపవలెనని కొఠారీ సంఘము 1966లోనే చెప్పెను. 1968, 1986, 2020 సంవత్సరముల విద్యావిధానములు మూడును ఆ మాటనే తిరిగి వ్రాసినవి. నేటికిని ఆ గీత చేరలేదు. మన రాష్ట్రమున అధికారములోనున్న పక్షము, బడ్జెటులో నూటికి పదునైదు విద్యకిత్తుమని 2023 ఎన్నికలలో వాగ్దానము చేసినది. 2025–26 బడ్జెటున విద్యకు లభించినది మూడు లక్షల కోట్లు దాటిన పద్దులో సుమారు 23,000 కోట్లు. నూటికి ఎనిమిదికి లోపు. 2025 డిసెంబరులో ఉస్మానియా అభివృద్ధికి వేయి కోట్ల రూపాయలు ప్రకటింపబడుట మాకు ఆనందకరము. కాని అందు ఎంత సున్నమునకును, ఎంత సరస్వతికిని పోవునో చూడవలసియున్నది.

తుదకు మా పాఠకులతోను ఒకమాట. మీలో భూవసతి గలవారున్నారు. పట్టణములందు మేడలు గలవారున్నారు. యాజమాన్యపు కోటాలో సీటుకొరకు ఎకరము అమ్మినవారున్నారు. హాస్టళ్లకు మేడలు బాడుగ కిచ్చినవారున్నారు. మేము నిందింపబూనలేదు, బిడ్డ భవిష్యత్తునకై తండ్రి చేయని పని యుండదు. కాని కళాశాల గుమ్మమున మనము అడుగు మొదటి ప్రశ్న ఏది? ఉద్యోగములెన్ని, జీతమెంత యని కదా! ఉపాధ్యాయులెందరు, వారెంతకాలమునుండి ఉన్నారు, గ్రంథాలయము ఎన్ని గంటలు తెరచియుండునని అడుగువారెందరు? కొనువాడు అడిగినదే అమ్మువాడు పెట్టును. పూర్వము జయపురము మహారాజు విక్రమదేవవర్మగారు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఏటేట లక్ష రూపాయలిచ్చిరి. అందలి శాస్త్రకళాశాలకు వారి పేరు నిలిచెను. నేటి సంపన్నులు విద్యలో ధనము నుంచుట మానలేదు. వారిచ్చుట మాని పెట్టుబడి పెట్టుచున్నారు. ఈ భేదమును గుర్తించిన కొందరైనను, తాము చదివిన పాత ప్రభుత్వ కళాశాలను ఏడాది కొకసారి చూచి, అచట ఎన్ని కుర్చీలు ఖాళీగా నున్నవో తమ శాసనసభ్యుని బహిరంగముగా అడిగిన, మాకు అంతకంటె వలయునది లేదు.

ఎల్.బి.నగరు కూడలిలో మేము చూచిన రైతు బస్సెక్కి వెడలిపోయెను. కుమార్తె పత్రములను విడిపించుటకు అరయెకరము అమ్మవలసి వచ్చునేమో యని చెప్పిపోయెను. ప్రభుత్వము చెల్లింపవలసిన బాకీని ఆ రైతు చేను తీర్చుట ధర్మము కాదు. మంత్రులు ఈ సంగతిని ఆలోచింతురని, ఆలోచించునంతవరకు ప్రజలు వారిని అడుగుట మానరని మేము ఆశించుచున్నాము.